ఏనుగుకు కోరలు పెట్టిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ అందింది. కుప్పం దగ్గర మామిడితోటలోకి ఏనుగుల గుంపు దిగిన రాత్రిని బాగా పట్టుకున్నావు. టపాకాయల చప్పుడు, డప్పులు, మంచె మీద నిలబడ్డ తండ్రి కాళ్ళలో వణుకు, వీటిలో దేనినీ నేను ముట్టుకోను. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిత్తూరు జిల్లాలోకి ఏనుగులు రావడం మొదలైనప్పటి నుంచి వార్తలు చదువుతూనే ఉన్నాను. అవి వెళ్ళిపోయిన మర్నాడు తోటలో మిగిలే వాసన గురించి రాసినవాళ్ళు మాత్రం నాకు కనబడలేదు. నువ్వు రాశావు.

నా పేచీ అంతా ఒక్క మాటతో. "గుంపుకు ముందు నడుస్తున్న ఏనుగు కోరలు వెన్నెల్లో మెరిశాయి" అన్నావు. కొంత దూరం పోయాక ఊరి పెద్దమనిషి "కోరలు లేని చట్టం" అని విసుక్కుంటాడు. చివరికి తండ్రి "మృత్యువు కోరల్లోంచి" బయటపడతాడు. ఆ మాట నీకు నచ్చిందని తెలుస్తూనే ఉంది. పైగా ఉత్తరంలో అడిగావు: కోర అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది, దాని అసలు అర్థం ఏమిటి, మూలం తెలిస్తే ఇంకా బలంగా వాడవచ్చు కదా అని. మూలం చెబుతాను. బలం సంగతి మాత్రం నీకు నచ్చే జవాబు కాదు.

ముందుగా ఏనుగు. తెలుగులో ఏనుగుకు కోరలుండవు, దంతాలుంటాయి. పాత వాడుకలో కొమ్ములు కూడా ఉంటాయి. కోరలు పాముకు, పందికి, పులికి, రాక్షసుడికి, యముడికి. ఈ పంపకాన్ని పండితులు కూర్చుని చేయలేదు. అడవి పంది చేత తొడ చీల్పించుకున్నవాళ్ళు, పాముకాటుకు ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు చేశారు. నువ్వు జంతుశాస్త్రం చదివానన్నావు కాబట్టి పాఠ్యపుస్తకం మాటల్లోనే చూద్దాం. ఏనుగు బయటికి చాచిన దంతాలు పై దవడలోని కుంతకాలు, అంటే ముందుపళ్ళు. పందివి, పులివి, నీటి గుర్రానివి రదనికలు, అంటే ముందుపళ్ళ పక్కన మూలనుండే పళ్ళు. జనం వాడుకా జంతుశాస్త్రమూ ఇక్కడ ఒకే చోట గీత గీశాయి. అంతమాత్రాన మన పూర్వులకు శరీర నిర్మాణం అంతా ముందే తెలుసని ఉపన్యాసం మొదలుపెట్టకు. వాళ్ళు చూసింది చాలా మామూలు సంగతి. కోర నోటి మూలన ఉంటుంది, వంకరగా ఉంటుంది, మూసిన పెదవి పక్క నుంచి కూడా తొంగి చూస్తుంది. ఏనుగు దంతం నోటిదని చూడగానే తోచదు. తొండానికి అటూ ఇటూ పొడుచుకొచ్చి, పశువు తల మీది కొమ్ములాగా ఉంటుంది. అందుకే కొమ్ము అన్నారు. తమిళంలోనూ కొంబు అంటే పశువు కొమ్ము, ఏనుగు దంతం, చెట్టు కొమ్మ. మలయాళంలో దంతాలున్న మగ ఏనుగును కొంబన్ అనే పిలుస్తారు. మన కొమ్మా కొమ్మూ ఆ కుటుంబానివే. మొదలు నుంచి బయటికి పొడుచుకొచ్చి, కొసదేరి ఉన్నదల్లా కొమ్మే అన్నమాట.

ఈ కొమ్ము తెలుగులో ఎంత దూరం తిరిగిందో చూస్తే సరదాగా ఉంటుంది. పసుపు కొమ్ము వంటింట్లో ఉంది. ఊదే కొమ్ము జాతరలో ఉంది. బడిలో 'కు' రాయడానికి కకారానికి పెట్టేదీ కొమ్మే, దాన్ని సాగదీస్తే కొమ్ముదీర్ఘం. కొమ్ములు తిరిగిన పండితుడంటే మెచ్చుకోలు, నీకేమైనా కొమ్ములు మొలిచాయా అంటే తిట్టు, ఫలానావారికి కొమ్ము కాస్తున్నారంటే రాజకీయం. వీటిలో ఏ ఒక్కదాన్నీ వాడడానికి ఏనుగు అక్కర్లేదు.

దంతాన్ని కొమ్మనడం అమాయకత్వం కదా అంటావేమో. పేరు పెట్టడం వేరు, నమ్మడం వేరు. ఉత్తర ధ్రువ సముద్రాల్లో నార్వాల్ అనే తిమింగల జాతి ప్రాణి ఉంది. మగదానికి ఎడమ రదనిక పై పెదవిని చీల్చుకుని, మెలికలు తిరుగుతూ రెండు మూడు మీటర్లు పెరుగుతుంది. దాన్ని యూరప్ రాజులు ఒంటికొమ్ము గుర్రం కొమ్మని నమ్మి, విషానికి విరుగుడని బంగారం పోసి కొన్నారు. డెన్మార్క్ రాజుల పట్టాభిషేక సింహాసనానికి అవే తాపడం చేశారు. అది ఒక సముద్రపు జంతువు పన్ను అని ఓలే వోర్మ్ అనే డేనిష్ వైద్యుడు 1638లో తేల్చాడు. మన మావటివాడు కొమ్మంటూనే అది పన్నని ఎరిగి ఉంటాడు. ఆ ఎరుక ఉంటే పేరు ఏదైనా ఇబ్బంది లేదు.

ఇక కోర. ఇది సంస్కృతం నుంచి వచ్చిన మాట కాదు, మన ద్రావిడ మాటే. కన్నడంలో కోరె అంటారు, కోరెహల్లు అంటే కోరపన్ను. తమిళంలో కోరైప్పల్. పాత తెలుగు పుస్తకాల్లో దీన్ని కోఱ అని శకటరేఫతో రాస్తారు. ఈ బండి ఱ ఇప్పుడు మన రాతలోంచి పోయింది గానీ, మాటల పుట్టుక వెతికేటప్పుడు అది చాలా గొడవలు తీరుస్తుంది. "కోరినదాన్ని పట్టి తెచ్చేది కనుక కోర అయిందా?" అని నువ్వు ఊహించావు చూడు, ఆ ఊహ అక్కడే ఆగిపోవాలి. కోరికలో ఉన్నది మామూలు ర. వినడానికి ఒకటిగా ఉన్న మాటలన్నీ చుట్టాలు కావు. నీ ఊహ అందంగా ఉంది, అదే దానితో వచ్చిన చిక్కు. అందంగా ఉన్న తప్పుడు వ్యుత్పత్తిని కథకులు వదులుకోలేరు. ఒక పాత్ర నోట్లో పెట్టేస్తారు, అది ఇంకో నలుగురి నోట్లోకి వెళుతుంది, పదేళ్ళకు ఎవరో దాన్ని వ్యాసంలో ఎక్కిస్తారు. సంస్కృతంలో కాకదంత పరీక్ష అని ఒక న్యాయం ఉంది, కాకికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టడం. ఈ పని కొన్నిసార్లు అంతకంటే నష్టం. కాకి పళ్ళు లెక్కపెట్టినవాడు లేవని తెలుసుకుని ఇంటికి పోతాడు, వీళ్ళు లేని పళ్ళు పెట్టి పోతారు.

కోరలో మనవాళ్ళు ఏం చూశారో తెలుసుకోవాలంటే పుట్టుక కంటే దాని స్నేహాలు చూడు. కోరమీసం ఉంది. మీసం కరవదు. అది పెదవి మూలన వంగి పైకి లేస్తుంది, అంతే. అంటే ఈ మాటలో మనవాళ్ళకు ముందు కనబడింది కాటు కాదు, వంపు. అడవి పందిని దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. కింది దవడ కోరలు పైకి వంగి, పై కోరల మీద రాసుకుంటూ తమంతట తామే పదునెక్కుతుంటాయి. పంది కోరలు నూరుతోందని అన్నవాళ్ళు అతిశయోక్తి చెప్పలేదు, కళ్ళతో చూసిందే చెప్పారు. నల్లమల అడవుల్లో మూషిక జింక అని కుందేలంత జంతువు ఉంది. హైదరాబాద్ జూలో పెంచి అమ్రాబాద్ అడవుల్లో వదిలారని నువ్వూ చదివే ఉంటావు. జింక అంటాం గానీ దానికి కొమ్ములు రావు, మగవాటికి చిన్న కోరలొస్తాయి. దాని మీద కథ రాస్తే కోర అనే మాటకు తెలుగులో కొత్త పని దొరుకుతుంది. ఎవరినీ భయపెట్టని కోర. అది నీ తర్వాతి కథకు ఉంచుకో.

కోరకు సంస్కృతపు మాట దంష్ట్ర మాత్రం తన పుట్టుకను దాచుకోదు. దంశ్ అంటే కరవడం. పాణిని ఒక సూత్రంలో (3.2.182) కొన్ని ధాతువులను వరుసగా చెప్పి, వాటికి 'దేనితో ఆ పని జరుగుతుందో అది' అనే అర్థంలో ఒక ప్రత్యయం చేర్చాడు. దేనితో హింసిస్తారో అది శస్త్రం. దేనితో నడిపిస్తారో అది నేత్రం. దేనితో పొగుడుతారో అది స్తోత్రం. దేనితో ఎగురుతుందో అది పత్రం, అంటే రెక్క. దేనితో కరుస్తుందో అది దంష్ట్ర. కత్తీ కన్నూ పొగడ్తా రెక్కా కోరా ఒకే సూత్రంలో కూర్చున్నాయి. వ్యాకరణం చప్పన అనేవాళ్ళకు ఈ సూత్రం చూపించాలని నాకెప్పుడూ ఒక కోరిక.

దంతం దారి వేరు. లాటిన్ దెన్స్, పారశీ దందాన్, ఇంగ్లీషు టూత్, ఇవన్నీ దానితో ఒకే మూలం నుంచి వచ్చినవి. తినడం అనే అర్థమున్న ధాతువుతో దానికి సంబంధం ఉందని భాషా చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కోరకు ఇంగ్లీషు మాట ఫాంగ్ ఇంకో దారిలో వచ్చింది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పట్టు అని, పట్టుకున్న వేట అని అర్థం. జర్మన్‌లో ఫాంగెన్ అంటే ఇప్పటికీ పట్టుకోవడమే. పదహారో శతాబ్దంలో గానీ అది పంటి పేరు కాలేదు. తినడం, కరవడం, పట్టుకోవడం, వంగి ఉండడం: ఒకే నోటిలోకి నాలుగు వైపుల నుంచి చూశారు జనం. పుట్టుకలు వెతకడంలో నాకు దొరికే ఆనందం ఇదే. కథకు వచ్చే లాభం మాత్రం ఇందులో తక్కువ.

లాభం ఉండేది ఇంకో చోట. గీతలో విశ్వరూపం దగ్గరికి వెళ్ళు, పదకొండో అధ్యాయం 27వ శ్లోకం. యోధులు పరుగున ఆ నోళ్ళలోకి దూసుకుపోతున్నారు. ఆ నోళ్ళు "దంష్ట్రాకరాలాని", కోరలతో భయంకరమైనవి. వెంటనే తర్వాతి పాదంలో కొందరు తలలు నుజ్జయి పళ్ళ సందుల్లో ఇరుక్కున్నారు. అక్కడ మాట "దశనాంతరేషు". దశనం కూడా దంశ్ నుంచి పుట్టిందే, అర్థం పన్ను. ఒకే శ్లోకంలో, ఒకే నోటికి, ఒకే ధాతువు నుంచి వచ్చిన రెండు మాటలు. దూరం నుంచి చూసేవాడిని భయపెట్టేటప్పుడు దంష్ట్ర. లోపలికి వెళ్ళి ఇరుక్కునేటప్పుడు దశనం. కోరల మధ్య ఎవరూ ఇరుక్కోరు, పళ్ళ మధ్య ఇరుక్కుంటారు. ఆ శ్లోకం చెప్పినవాడికి వ్యుత్పత్తి తెలిసి ఉండవచ్చు. అక్కడ పని చేసింది మాత్రం నోరు ఎలా ఉంటుందో తెలిసిన తెలివి. నీ నుంచి నేను అడిగేది ఆ రెండో తెలివి.

ఇంకో ఉదాహరణ, ఈసారి తెలుగులో. భర్తృహరి ఒక శ్లోకంలో మొసలి నోట దంష్ట్రల నడుమ నుంచైనా మణిని బలవంతంగా పెకలించవచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం మార్చలేమంటాడు. ఏనుగు లక్ష్మణకవి దాన్ని "మకరముఖాంతరస్థమగు" అని ఎత్తుకున్నాడు. మొసలి నోటి లోపలున్న మణి. కోర పోయింది. ఇంటిపేరులోనే ఏనుగున్న కవి కోరలెందుకు వదిలేశాడని నవ్వుకోవచ్చు గానీ, చదివి చూడు, పద్యానికి లోటేమీ రాలేదు. మకరముఖం అనగానే కోరలు వినేవాడి మనసులో ఉంటాయి. చెప్పక్కర్లేని కోరను చెప్పకపోవడం కూడా కోరను వాడడమే. నీ కథలో ఆ మూడు చోట్లలో ఒక చోట ఈ పద్ధతి పనికొస్తుంది, ఎక్కడో నువ్వే చూసుకో.

ఇప్పుడు దంష్ట్ర ఎక్కడెక్కడికి పోయిందో చెబితే, మూలంలో అసలు అర్థం దాగి ఉంటుందనే నీ నమ్మకం కాస్త సడలుతుంది. బౌద్ధ గ్రంథాల భాష పాలీలో అది దాఠా అయింది. మహాపురుషుడికి 32 లక్షణాలంటారు కదా, వాటిలో ఒకటి మిక్కిలి తెల్లని దాఠాలు ఉండడం. రాక్షసుడికి ఏ మాటో బుద్ధుడికీ అదే మాట. కళింగ రాజధాని దంతపురంలో బుద్ధుడి దంతధాతువు, అంటే ఆయన అవశేషంగా పూజించే పన్ను, ఉండేదని, నాలుగో శతాబ్దంలో దాన్ని హేమమాల, దంతకుమారుడు అనే దంపతులు సింహళానికి చేర్చారని కథ. ఆ కథ చెప్పే పాలీ గ్రంథం పేరే దాఠావంశం. దంతపురాన్ని మన శ్రీకాకుళం జిల్లాలోని దంతవక్త్రుని కోటగా కొందరు చరిత్రకారులు గుర్తించారు. ఆ ధాతువు ఇప్పుడు శ్రీలంకలోని క్యాండీ ఆలయంలో ఉంది. సింహళంలో దాని పేరు దళదా. అందులోని దళ ఈ దాఠానే, ఆ భాషలో ఏనుగు దంతాన్నీ దళ అనే అంటారు. అక్కడి వార్షిక ఊరేగింపులో ధాతు పేటికను మోసేదీ దంతాలున్న ఏనుగే. శ్రీలంకలో మగ ఏనుగుల్లో కూడా దంతాలున్నవి అరుదు కాబట్టి ఆ గౌరవానికి విలువ ఎక్కువ.

హిందీలోకి వచ్చేసరికి ఆ దంష్ట్రే దాఢ్ అయింది, అర్థం దవడ పన్ను. చీల్చే పంటి పేరు నమిలే పంటికి వెళ్ళింది. గడ్డాన్ని దాఢీ అంటారే, దాన్నీ ఈ కుటుంబంలోనే చేరుస్తారు. మన తెలుగులో దంష్ట్ర గుళ్ళో, పురాణ కాలక్షేపంలో, పంచాంగంలో ఉండిపోయింది. కార్తికంలో చివరి ఎనిమిది రోజులు, మార్గశిరంలో మొదటి ఎనిమిది రోజులు యమదంష్ట్ర అని, ఆ రోజుల్లో మితంగా తిన్నవాడే బతుకుతాడని శార్ఙ్గధర సంహిత అనే వైద్య గ్రంథం చెబుతుంది. చలి మొదలయ్యే ఆ పదహారు రోజులకు అంత పేరు పెట్టిన వైద్యుడికి కథ చెప్పడం తెలుసు. నీ కథ జరిగేది కార్తికంలోనే కదా, ఇంట్లో ముసలమ్మ ఉంది. ఆమె నోట యమదంష్ట్ర రావచ్చు. మంచె మీద తండ్రి నోట మాత్రం రాకూడదు, అతనికి ఆ ష్ట్ర పలికే తీరిక లేదు.

ఒక మాటకు ఒక్క జంతువే ఉంటుందని కూడా అనుకోకు. నాగదంతం అని చూడగానే పాము కోర అనుకుంటావు. కాదు. నాగమంటే ఏనుగు కూడా. నాగదంతం ఏనుగు దంతం, ఆ తర్వాత గోడకు దంతంలాగా బిగించి బట్టలూ సంచులూ తగిలించే కొయ్య. తెలుగిళ్ళలో ఆ పని చేసేది చిలకకొయ్య. ఏనుగు ఎక్కడో చిలకగా మారిపోయింది. ఆశీస్సు సంగతి ఇంకా విచిత్రం. సంస్కృత నిఘంటువుల్లో దానికి దీవెన అని ఒక అర్థం, పాము కోర అని ఇంకో అర్థం. ఆశీవిషమంటే కోరలో విషమున్నది, పాము. పెద్దలు ఉత్తరాల చివర ఆశీస్సులు రాసేటప్పుడు ఇది గుర్తుకు రాకపోవడమే మేలు.

పాము దగ్గరికి వచ్చాం కాబట్టి, నీ కథలో ఉన్న పాములవాడి గురించి. చిన్న పాత్రే, బాగుంది. అతని చేత ఓడిపోయిన సర్పంచ్‌ను చూపించి "కోరలు పీకిన పాము" అనిపించావు. ఊళ్ళో ఇంకెవరైనా అంటే సరే. పాములవాడు అనడు, అన్నా ఆ అర్థంలో అనడు. పాము కోర పీకితే మళ్ళీ వస్తుంది. పాత కోర వెనకే కొత్త కోర సిద్ధంగా ఉంటుంది, పాములు బతికినంత కాలం కోరలు మార్చుకుంటూనే ఉంటాయి. పీకడంతో పని అయిపోయిందనుకున్న పాములవాడు ఎక్కువ కాలం బతకడు. కాబట్టి అతని నోట ఆ సామెత ఓదార్పు కాదు, హెచ్చరిక. "పీకినా నెలల్లో మొలుస్తుంది బాబూ" అన్నట్లు ఏదో అంటాడు, ఆ మాటతో సర్పంచ్ మళ్ళీ గెలవబోతున్నాడని చదివేవాడికి తెలుస్తుంది. జంతువును తెలుసుకోవడం వల్ల కథకు వచ్చే లాభమంటే ఇది. వ్యుత్పత్తి ఈ పని చేయలేదు.

అలాగే కోరలన్నీ ఒకటి కావు. రక్తపింజరవి పొడవు, నోరు మూస్తే వెనక్కి మడతపడతాయి, తెరిస్తే నిటారుగా లేస్తాయి. నాగుపామువి పొట్టివి, కదలవు. కట్లపామువి ఇంకా చిన్నవి, నిద్రలో కరిస్తే చాలామందికి నొప్పి కూడా తెలియదు. "కట్లపాము పొడవైన కోరలు దిగబడ్డాయి" అని ఒక పత్రికలో వచ్చిన కథ చదివి పక్కన పెట్టేశాను. ఆ రచయిత భయం కోసం కోరను పొడిగించాడు. నిజంలో భయం అది కనబడనంత చిన్నది కావడంలోనే ఉంది.

క్రియల గురించి ఒక ముక్క. కుక్క కరుస్తుంది, పాము కాటేస్తుంది, పంది చీరుతుంది, ఎద్దు పొడుస్తుంది, ఏనుగు కుమ్ముతుంది, తొక్కుతుంది, తొండంతో ఎత్తి కొడుతుంది. నామవాచకాన్ని తప్పు పెడితే క్రియ వచ్చి నిలదీస్తుంది. ఏనుగు కోరలన్నావు కాబట్టే తర్వాతి పేరాలో "కాటు వేయబోయింది" అని రాయాల్సి వచ్చింది. ఏనుగు కాటేయడం ఎవరైనా చూశారా?

"కోరలు లేని చట్టం" గురించి నాకు పెద్ద అభ్యంతరం లేదు. ఇంగ్లీషు పత్రికల నుంచి వచ్చిన వాడుక అది. వాళ్ళు పళ్ళు లేని చట్టమంటారు. మనవాళ్ళు అనువదించేటప్పుడు పళ్ళకు బదులు కోరలు పెట్టారు, తెలివైన పని. బోసినోటి చట్టమంటే తెలుగులో జాలి పుడుతుంది, తాతగారు గుర్తొస్తారు. కోర అంటేనే కరవగలిగినదన్న భావం వస్తుంది. అయితే ఈ మాట విలేకరిది. పంట పోయిన రైతుల మధ్య నిలబడ్డ ఆ పెద్దమనిషి పత్రిక చదివి వచ్చి మాట్లాడుతున్నాడని చూపించదలచుకుంటే ఉంచు. లేదంటే "చట్టం ఉంది, ఎవడికి భయం?" అనిపించు.

అసలు చిక్కు చివరికి పెట్టుకున్నాను. వెన్నెల్లో మెరిసిన ఆ వాక్యంలో కోరలను దంతాలుగా మార్చినా సరిపోదు. గుంపును నడిపేది పెద్ద ఆడ ఏనుగు. ఆసియా ఆడ ఏనుగులకు బయటికి చాచిన దంతాలుండవు. ఉంటే పెదవి చాటున చిన్న మొలకలు. పెరిగిన మగవి చాలావరకు ఒంటరిగానో ఇద్దరు ముగ్గురు తోడుతోనో తిరుగుతాయి. మగవాటిలోనూ దంతాలు రానివి ఉంటాయి, వాటిని మఖ్నాలంటారు. ఆఫ్రికాలో ఆడవాటికీ దంతాలుంటాయి గానీ, మొజాంబిక్‌లోని గొరొంగోసాలో 1977 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దంతాల కోసం ఎంత వేట జరిగిందంటే, ఆ తర్వాత దంతాలు లేని ఆడ ఏనుగుల వాటా దాదాపు ఐదో వంతు నుంచి సగానికి పెరిగింది. దంతి, అంటే దంతాలున్నది, అనే పేరు అక్కడ చాలా ఏనుగులకు ఇప్పుడు సరిపోదు. నీ కుప్పం ఏనుగుకూ సరిపోదు.

అంటే నీ తోటలో ముందు నడిచి వచ్చినది దంతాలు లేని ఆడ ఏనుగు. వెనకాల పిల్లలున్నాయి, కాబట్టే ఆమె కోపంగా ఉంది. వెన్నెల్లో మెరవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అప్పుడు తండ్రి ఏం చూస్తాడు? చెవులు విప్పుకోవడం చూస్తాడా, లేక చూడకుండా మామిడి కొమ్మ విరిగిన చప్పుడు మాత్రం వింటాడా? "మృత్యువు కోరలు" కూడా ఇక అక్కడ నిలవవు. అతన్ని చంపబోయింది కాలు, లేదా తొండం. ఆ రెండిట్లో ఏదో తేల్చుకో, వాక్యం దానంతట అదే కుదురుతుంది. పలమనేరు వైపు ఏనుగుల్ని తరిమే పనికి వెళ్ళే అటవీ సిబ్బంది ఉంటారు. వాళ్ళలో ఒకరితో ఒక పూట కూర్చో. కోర అనే మాట మూలం అడగకు. చీకట్లో ఏనుగు ఎంత దూరంలో ఉందో ఎలా తెలుస్తుందో అడుగు.

మార్చిన ప్రతిని జనవరిలోగా పంపితే చూడగలను, ఆ తర్వాత కంటి ఆపరేషన్ ఉంది. పేజీలకు అంకెలు వెయ్యి. ఈసారి గాలికి చెదిరి, పాములవాడు ముందొచ్చాడో ఏనుగులు ముందొచ్చాయో తెలియక చాలాసేపు తికమకపడ్డాను.

నీ కథల పాఠకుడు